చుక్కే కదా అనుకున్నాను

వంటింటి కుళాయి నెల రోజులుగా కారుతోంది. చుక్కే కదా అని వదిలేశాను. మొన్న రాత్రి పడుకునే ముందు ఎందుకో దాని కింద బకెట్ పెట్టాను. పొద్దున చూస్తే దాదాపు సగం నిండింది! మనసు చివుక్కుమంది. సెకనుకో చుక్క పడినా రోజుకు 86,400 చుక్కలు మరి.

విప్పి చూస్తే లోపల రబ్బరు వాషర్ అరిగిపోయి, అంచు చిట్లి ఉంది. కొత్తది వేయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. (ముందు మెయిన్ వాల్వ్ కట్టేయండి, మర్చిపోవద్దు.) బకెట్లో నీళ్లు మొక్కలకు పోశాను. అదే ఊపులో హాల్లో మిగిలిన 60 వాట్ల పాత బల్బు తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాను. వెలుతురేమీ తగ్గలేదు.

కానీ ఆ నెల రోజుల నీళ్లే ఇంకా కళ్లముందు మెదులుతున్నాయి. మీ ఇంట్లో కూడా ఈ రాత్రి అంతా సద్దుమణిగాక ఒక్కసారి చెవి పెట్టి వినండి.