పాక కింద సద్దాం

ఇవాళ తోటలో కొబ్బరి దింపు. ఆరింటికల్లా వస్తామన్న మనుషులు ఎనిమిది దాటాక వచ్చారు. అంబాజీపేటలో కాయ ధర సంగతి కోనసీమలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, ఆ ఏడుపు మానేస్తున్నాను. మధ్యాహ్నం పాక కింద అయిన వాదన మాత్రం రాసుకోవాలి.

పిన్ని అన్నం క్యారేజీ తెచ్చింది. పక్క తోట మాస్టారు పేపరు పట్టుకొచ్చి కూర్చున్నారు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు గానీ చెప్పడం ఆపలేదు. "యుద్ధానికి దిగేవాడు ఎవడైనా ఇదే మాటండీ. వాళ్లు కొట్టబోతున్నారు కాబట్టి మేమే ముందు కొట్టాం అంటాడు. అమెరికా ఇరాక్ మీదికి పోయినప్పుడూ ఇదే పాట" అన్నారు. పిన్ని గరిటె కింద పెట్టేసింది.

"సద్దాం మీద యుద్ధం తప్పంటే నేనొప్పుకోను మాస్టారూ. మీరు పేపర్లో చదివారు. నేను అక్కడున్నాను."

ఉంది, నిజమే. 1990 ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్లో దిగేనాటికి పిన్ని అక్కడ ఒకళ్లింట్లో వంట చేస్తోంది. యజమాని కుటుంబం సౌదీకి పారిపోయింది, తాళాలు ఈవిడ చేతిలో మిగిలాయి. ఇరాక్ దినారూ కువైట్ దినారూ ఒకటేనని హుకుం జారీ అయ్యేసరికి దాచుకున్న జీతం కళ్ల ముందే చిత్తుకాగితమైంది. బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, ఎడారిలో గుడారాల్లో పడిగాపులు కాసి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానం ఎక్కింది. లక్ష మందికి పైగా మనవాళ్లు అలాగే వచ్చారు. ఇంట్లో అందరం ఈ కథ ఎన్నోసార్లు విన్నాం. అయినా ఆ గుడారాల దగ్గర నీళ్ల కోసం తోసుకున్న సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఇప్పటికీ మారుతుంది.

"నువ్వు చెప్పేది కువైట్‌ని విడిపించిన 1991 యుద్ధం తల్లీ. నేను మాట్లాడేది 2003ది" అన్నారు మాస్టారు.

"రెంటికీ సద్దామే కదా!"

ఇక మాస్టారు ఆగలేదు. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతామండలిలో ఇరాక్ దగ్గర విషాయుధాలున్నాయంటూ చిన్న సీసా ఎత్తి చూపించడం, ఐక్యరాజ్యసమితి తరఫున ఆయుధాల కోసం వెతుకుతున్న హాన్స్ బ్లిక్స్ తనిఖీ బృందం ఇంకొన్ని నెలలు కావాలన్నా వినకపోవడం, యుద్ధానికి ఒప్పుకునే రెండో తీర్మానం నెగ్గదని తెలిసి అసలు ఓటింగుకే పెట్టకపోవడం, మార్చి 20న దాడి మొదలెట్టడం. దేశమంతా గాలించి చివరికి ఆయుధాల నిల్వలు లేవని 2004లో అమెరికా పంపిన మనుషులే తేల్చారు. అమెరికాతో కలిసి దిగిన బ్రిటన్లో ఆ యుద్ధం మీద చిల్కాట్ విచారణ ఏడేళ్లు నడిచి, శాంతి మార్గాలన్నీ అయిపోకుండానే యుద్ధానికి దిగారని 2016లో చెప్పింది. "నిర్ణయం ముందు, కారణం తర్వాత" అని పేపరు మడిచారు.

పిన్ని తగ్గే మనిషి కాదు. "1991లో మాత్రం మీరు ఊరుకున్నారా? అప్పుడూ వద్దనే అన్నారుగా?"

అదీ నిజమే. ఆ జనవరిలో అమెరికా సైనిక విమానాలు మన దగ్గర ఆగి ఇంధనం నింపుకోవడానికి చంద్రశేఖర్ ప్రభుత్వం ఒప్పుకుంటే దేశంలో పెద్ద గొడవైంది, చివరికి ఆపేశారు. ఆ గొడవలో నినాదాలిచ్చిన వాళ్లలో మాస్టారూ ఉన్నారు. ఆంక్షలతో ఆగి చూడాల్సిందని ఇప్పటికీ అంటారు. "మీరు ఆగి చూస్తుంటే కువైట్ వాళ్లు ఏ దేశంలో కూర్చుని చూడాలి?" అంది పిన్ని. మాస్టారి దగ్గర దీనికి సరైన జవాబు లేదు. భద్రతామండలి 1991 జనవరి 15 వరకూ గడువిచ్చింది, సద్దాం కదల్లేదు. మొదటి యుద్ధం విషయంలో నేను పిన్ని పక్షమే.

రెండోదానికి కాను. ఇరాక్‌లోనే హలబ్జా అనే ఊళ్లో 1988లో కుర్దుల మీద విషవాయువు వదిలి వేలమందిని చంపినవాడు సద్దాం. వాడు పోవాలనుకోవడంలో తప్పేముంది? కానీ అమెరికా ప్రభుత్వం తన జనానికి చెప్పింది వాడు చెడ్డవాడని మాత్రమే కాదు, ఆయుధాలున్నాయని. అవి దొరక్కపోయేసరికి ప్రజాస్వామ్యం కోసం వెళ్లామన్నారు. 1991లో కారణం టాంకులెక్కి వచ్చి అందరి ఎదుటా నిలబడింది. 2003లో దాన్ని యుద్ధమయ్యాక కూడా వెతుక్కున్నారు. పిన్నికి ఇది చెప్పాను. పెరుగు వడ్డిస్తూ, "సద్దాం విగ్రహం కూలిన రోజు మా యజమాని ఇంట్లో మిఠాయిలు పంచారు, నాకూ పెట్టారు, తిన్నాను. ఇప్పుడు తప్పంటే ఎలా?" అంది. మళ్లీ కువైట్ వెళ్లి అప్పటికి అక్కడే ఉందావిడ. ఆ మిఠాయిని వాదనలో ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

దింపు కుర్రాడొకడు అప్పటిదాకా తల వంచుకుని తింటున్నాడు. "ఆయ్, మరి మీ జీతం పోయిందన్నారు, ఎవరన్నా ఇచ్చేరాండి?" అని అడిగాడు.

ఇచ్చారు. దాడి చేసిన ఇరాకే నష్టం కట్టాలని ఐక్యరాజ్యసమితి జెనీవాలో పరిహార కమిషన్ పెట్టింది. ఇరాక్ చమురు అమ్మకాల్లోంచి కొంత దానికి మళ్లించేవారు. కొన్నేళ్లకి పిన్నికీ వచ్చింది, పెంకుటింటి మీద శ్లాబు పడింది ఆ డబ్బుతోనే. సద్దాం పోయాక వచ్చిన ప్రభుత్వాలు కూడా కడుతూనే వచ్చాయి. మొత్తం 5,240 కోట్ల డాలర్ల లెక్క తీరింది 2022లో.

"మరి రెండోసారి ఆళ్లూరి మీద పడ్డారు కదండీ, ఆ జనానికి ఎవరిచ్చేరు?"

అలాంటి కమిషన్ ఏదీ పెట్టలేదన్నారు మాస్టారు. యుద్ధం చేయించిన అమెరికా అధ్యక్షుడు బుష్ 2004లో మళ్లీ గెలిచాడు, బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ 2005లో గెలిచాడు అని కూడా చెప్పారు. ఆ కుర్రాడు "అదేంటండీ!" అని మజ్జిగ తాగేసి చెట్టు దగ్గరికి పోయాడు.

"అది వేరే సంగతి" అంది పిన్ని, క్యారేజీ గిన్నెలు సర్దుకుంటూ. నాకైతే అది వేరే సంగతిగా కనిపించలేదు. పైకి మాత్రం అనలేదు, రాత్రికి మళ్లీ ఆవిడ చేతి వంటే తినాలి.