తరుగు తీయని కాటా

మా పర్లాకిమిడి వైపు చింతపండు కొనేటప్పుడు తరుగు తీయడం మామూలు. తేమ ఉందనో గింజ ఉందనో బస్తాకు కొన్ని కిలోలు కోసేస్తారు. ఆ సరుకు తెచ్చేది కొండల మీంచి తెల్లారకముందే దిగి వచ్చే సవర గిరిజన అక్కలు. కాటా మీద అంకె చదవడం వాళ్లలో పెద్దవాళ్లకు చాలామందికి రాదు.

మా కొట్లో తరుగు తీయం. సరుకు తడిగా ఉంటే వాళ్ల ముందే చెప్పి ధర మాట్లాడతాం. "అందరూ తీస్తుంటే నీకొక్కడికే ఎందుకు బావా?" అని మా బావమరిది కోప్పడ్డాడు. అతనూ ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంటాడు, అదే నా బాధ. తూనికలో, కొలతలో అన్యాయం చేయొద్దని బైబిల్లో లేవీయకాండం 19వ అధ్యాయం అంత సూటిగా చెబుతుంటే, ఆ మాటను చర్చి గుమ్మం దగ్గరే ఎలా వదిలేసి వస్తాం? ఆ అక్కల్లోనూ ఎంతోమంది యేసయ్యకు ప్రార్థన చేసుకునేవాళ్లే. కాకపోయినా లెక్క అదే.

లాభం తగ్గింది, నిజమే. అబ్బాయి ఫీజుకు చీటీ పాడాల్సి వచ్చింది, ఇంట్లో టెన్షన్ పడ్డాం. అయినా లోక మర్యాదను అనుసరించవద్దని అపొస్తలుడు పౌలు రోమా పత్రిక 12వ అధ్యాయంలో రాసింది బజారుకు కూడా అని గట్టిగా నమ్ముతున్నాను. వచ్చే సీజన్‌లో కొండచీపుర్లు కూడా అక్కల ముందే కట్టలు లెక్కపెట్టి కొంటాం.