పంచాంగంలో మనం చదవకుండా దాటేసే ఆ 'యో.' లైను

పొద్దున్నే క్యాలెండర్ చూసేవాళ్లు ఏం చూస్తారు? తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం. అంతే. నక్షత్రం పక్కనే 'యో.' అని ఒక పేరు, అది ఎప్పటిదాకా ఉందో ఒక టైము వేసి ఉంటాయి, దాన్ని మాత్రం దాటేస్తారు. సంకల్పంలో కూడా అంతే, తిథి పేరు, వారం పేరు శ్రద్ధగా చెప్పుకుని, యోగం దగ్గరికి రాగానే 'శుభయోగే శుభకరణే' అని ముందుకెళ్లిపోతాం, ఆ రోజు నడుస్తున్నది శూలమో గండమో ఎవరికీ పట్టదు. పంచాంగంలోని ఐదింట్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది జాతకంలో చెప్పే గజకేసరి లాంటి యోగం కాదు. వారం, నక్షత్రం కలిస్తే వచ్చే ఆనందాది యోగాలు కూడా వేరే. ఇవి నిత్యయోగాలు, మొత్తం 27, వీటి లెక్కలో ఉండేది సూర్యుడు, చంద్రుడు ఇద్దరే.

రాశిచక్రంలో మేషం మొదలు నుంచి గ్రహం ఎన్ని డిగ్రీల్లో ఉందో అదే దాని స్ఫుటం. తిథికి చంద్రస్ఫుటంలోంచి రవిస్ఫుటం తీసేస్తాం. యోగానికి రెండూ కలుపుతాం. మొత్తం 360 డిగ్రీలు దాటితే 360 తీసేసి, మిగిలినదాన్ని 13 డిగ్రీల 20 కళలతో (డిగ్రీలో 60వ వంతు ఒక కళ) భాగిస్తే ఎన్నో యోగం నడుస్తోందో వచ్చేస్తుంది. రోజుకు సగటున చంద్రుడు 13 డిగ్రీల పైన, సూర్యుడు ఒక డిగ్రీకి కాస్త తక్కువ నడుస్తారు, రెండూ కలిపితే 14 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఒక్కో యోగం సగటున 22 గంటల 36 నిమిషాలే ఉంటుంది. అందుకే అప్పుడప్పుడు సూర్యోదయం అయ్యాక మొదలై, మర్నాటి సూర్యోదయానికి ముందే అయిపోయే యోగం కనిపిస్తుంది.

ఇక అసలు విషయం. ఈ లెక్క మన తెలుగువాళ్లు నోటితో వేసుకోవచ్చు, ఎందుకంటే సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో మన రైతులకు ఎప్పుడూ తెలుసు. కార్తె అంటే అదే కదా! మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె, జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె అంటున్నామంటే సూర్యుడు ఆ నక్షత్రాల్లోకి వచ్చాడని అర్థం. అశ్విని నుంచి లెక్కపెట్టి కార్తె సంఖ్యనీ, ఆ రోజు నక్షత్రం సంఖ్యనీ కలపండి, 27 దాటితే 27 తీసేయండి. వచ్చినది కానీ, దాని ముందుది కానీ అప్పటి యోగం అవుతుంది. మృగశిర కార్తె నడుస్తోంది, అంటే 5. ఆ రోజు హస్త, అంటే 13. మొత్తం 18, కాబట్టి ఉన్నది వరీయానో, దాని ముందున్న వ్యతీపాతమో. కార్తె అప్పుడే మొదలై నక్షత్రం కూడా అప్పుడే వచ్చి ఉంటే ముందుది, రెండూ చివరికి వచ్చేసి ఉంటే తర్వాతది. ఏప్రిల్ 14 ప్రాంతంలో సూర్యుడు మేషంలోకి అడుగుపెట్టే క్షణంలో ఐతే ఈ తేడా కూడా ఉండదు, ఆ క్షణాన నక్షత్రం సంఖ్యే యోగం సంఖ్య.

నక్షత్రాల వరస అందరికీ వచ్చు కాబట్టి యోగాల వరస మాత్రం రాస్తున్నాను: విష్కంభం, ప్రీతి, ఆయుష్మాన్, సౌభాగ్యం, శోభనం, అతిగండం, సుకర్మ, ధృతి, శూలం, గండం, వృద్ధి, ధ్రువం, వ్యాఘాతం, హర్షణం, వజ్రం, సిద్ధి, వ్యతీపాతం, వరీయాన్, పరిఘ, శివం, సిద్ధం, సాధ్యం, శుభం, శుక్లం, బ్రహ్మం, ఐంద్రం, వైధృతి.

ఫోన్ యాప్‌లో ఒక టైము, గోడ మీద పంచాంగంలో ఇంకో టైము ఉందని చాలామంది టెన్షన్ పడతారు. ఆకాశంలో కనిపించేదానికి సరిపోయేలా వేసే దృక్ గణితమా, పాత సిద్ధాంత గ్రంథాల ప్రకారం వేసే పూర్వ గణితమా అన్నది ఒక కారణం. యోగం విషయంలో ఇంకో కారణం ఉంది, అది అయనాంశ, అంటే వసంత విషువత్తు నాడు సూర్యుడు ఉండే చోటుకీ మన మేషం మొదలుకీ మధ్య ఉన్న డిగ్రీల తేడా, దాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా తీసుకుంటారు. తిథిలో ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తాం కాబట్టి అయనాంశ ఏది వాడినా తిథి మారదు. యోగంలో కలుపుతున్నాం కాబట్టి ఆ తేడా రెండింతలు అవుతుంది. లహరి అయనాంశకీ రామన్ అయనాంశకీ మధ్య దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా ఉంది, దానివల్ల నక్షత్రం టైము రెండున్నర గంటలు జరిగితే యోగం టైము ఐదు గంటల దాకా జరుగుతుంది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ప్రభుత్వం వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం చిత్రాపక్ష అయనాంశను తీసుకుంది, లహరి అని మనం అంటున్నది దాన్నే. నన్నడిగితే ఇంట్లో ఒక పంచాంగం పెట్టుకుని దాన్నే పాటించడం మంచిది, నాలుగు చూస్తే నాలుగు టైములు కనిపిస్తాయి, మనశ్శాంతి పోతుంది.

పేరు చూసి భయపడి రోజంతా పనులు మానేసేవాళ్లున్నారు, అంత అవసరం లేదు. ముహూర్త శాస్త్రం శూలంలో మొదటి 5 ఘడియలు, గండ, అతిగండాల్లో 6 ఘడియలు, పరిఘలో మొదటి సగం వదిలేయమంటుంది. 5 ఘడియలంటే రెండు గంటలే. పూర్తిగా వదిలేయాల్సినవి వ్యతీపాతం, వైధృతి. అవి కూడా శుభకార్యాలకే పనికిరావు, దానానికి, జపానికి, పితృకార్యానికి విశేషమైన రోజులు. ఏడాదిలో పెట్టమని చెప్పే 96 శ్రాద్ధాల్లో, అంటే షణ్ణవతి శ్రాద్ధాల్లో ఈ రెండూ ఉన్నాయి.

ఈ రెండు పేర్ల వెనక ఖగోళం కూడా ఉంది. సూర్యసిద్ధాంతంలో పాతాధికారం అని ఒక అధ్యాయమే ఉంది. సాయన స్ఫుటాల (మేషం మొదలు నుంచి కాక వసంత విషువత్తు నుంచి లెక్కపెట్టిన స్ఫుటాల) మొత్తం 180 డిగ్రీల దగ్గరికి వచ్చినప్పుడు సూర్యచంద్రుల క్రాంతి (భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న దూరం) సమానమై, ఇద్దరూ భూమధ్యరేఖకు ఒకే వైపు ఉంటే వ్యతీపాతం, 360 దగ్గర చెరోవైపు సమాన దూరంలో ఉంటే వైధృతం. వీటిని మహాపాతాలంటారు. ఇప్పుడు అయనాంశ 24 డిగ్రీలు దాటింది, రెండింతలు చేస్తే 48, అందువల్ల ఈ క్రాంతిసామ్యం ఈ రోజుల్లో గండ, శుక్ల యోగాల ప్రాంతంలో జరుగుతోంది. పంచాంగంలో వ్యతీపాతం అన్న పేరు ఒక రోజున ఉంటే ఆకాశంలో ఆ సంఘటన ఇంకో రోజున జరుగుతోందన్నమాట, ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు.

అర్ధోదయం అనే పుణ్యకాలం గురించి పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. పుష్య అమావాస్య, ఆదివారం, శ్రవణం, వ్యతీపాతం నాలుగూ కలవాలి. ఇందులో శ్రవణం, వ్యతీపాతం ఊరికే కలవలేదు. అమావాస్య నాడు ఇద్దరూ ఒకేచోట ఉంటారు, శ్రవణం 22వది, రెండుసార్లు కలిపితే 44, అందులో 27 పోతే 17. అదే వ్యతీపాతం, కాకపోతే ఇద్దరూ శ్రవణం రెండో సగంలో ఉండాలి, మొదటి సగంలో ఉంటే సిద్ధియోగం అవుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. యోగం మారే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. హైదరాబాద్‌లో ఉదయం 7 గంటల వరకు అని ఉన్న యోగం వేసవిలో డల్లాస్ టైము ప్రకారం ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకే అయిపోతుంది, కాబట్టి మర్నాడు అక్కడ తెల్లవారేసరికి తర్వాతి యోగం నడుస్తుంటుంది. ఇండియా నుంచి వాట్సాప్‌లో వచ్చిన పంచాంగం ఫొటో చూసి సంకల్పంలో ఆ పేరే చెప్పకండి, మీ ఊరికి లెక్కకట్టిన పంచాంగమే చూసుకోండి.