డబ్బా పాలు, డెబ్బై డిగ్రీల నీళ్లు: నా అనుభవం

డబ్బా పాలు పట్టే తల్లికి మన దగ్గర మాటలు అనేవాళ్లు ఎక్కువ, పని నేర్పేవాళ్లు తక్కువ. సీసా ఎంతసేపు మరిగించాలి, పొడి ఎంత వేడి నీళ్లలో కలపాలి అని అడిగితే, జవాబు కన్నా ముందు "ఎందుకు డబ్బా పాలు?" అనే ప్రశ్న వస్తుంది. మొన్న టీకాకి వెళ్తే వరండాలో ఒక చిన్న వయసు అమ్మాయి ఇదే విషయం అడగబోయి, నర్సు ముఖం చూసి ఆగిపోయింది. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి నాకు తెలిసింది చెప్పాను. ఇంటికొచ్చాక అదంతా రాయాలనిపించింది.

మాది నల్లగొండ జిల్లా. దత్తత కోసం పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూశాక పాప మా చేతికొచ్చింది. అప్పటికి దానికి నాలుగో నెల. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్ల. డబ్బా పాలు తప్ప మాకు వేరే దారి లేదు. దత్తతకి ముందు పాప పెరిగిన శిశుగృహలో ఆయమ్మ పాపని ఎలా పట్టుకోవాలి, సీసా ఎంత వంచాలి, తేన్పు ఎలా తెప్పించాలి అన్నీ ఓపిగ్గా చూపించింది. ఆవిడ రుణం తీర్చుకోలేనిది. ఆ భాగం అంతే, ఏ ఇబ్బందీ రాలేదు.

సీసాలు కడగడం కూడా కష్టమేం కాదు, కాకపోతే బద్ధకం పనికిరాదు. పాప తాగిన వెంటనే చల్లనీళ్లతో ఒకసారి తొలిపేయాలి. ఎండిపోనిస్తే పాల జిడ్డు బంకలా అంటుకుంటుంది. తర్వాత రింగు, పాలపీక, మూత అన్నీ విడదీసి, సబ్బు కలిపిన వేడినీళ్లలో పొడుగు బ్రష్షుతో తోమాలి. రింగు లోపలి మర గీతల దగ్గర చూడండి. పైకి మెరుస్తున్న సీసాలో కూడా అక్కడ సన్నటి తెల్లటి పొర కూర్చుని ఉంటుంది, వేలితో రాస్తే జారుతుంది, వాసన చూస్తే పులిసిన వాసన. ఆ పొర ఉండగా ఎంత మరిగించినా లాభం లేదు. పాలపీకని తిరగేసి సందులన్నీ తోమాలి.

ఆ తర్వాత పెద్ద గిన్నెలో అన్నీ పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి, సీసాల్లో గాలి బుడగలు లేకుండా చూసి, మూతపెట్టి, నీళ్లు తెర్లడం మొదలయ్యాక పది నిమిషాలు ఉంచాలి. పట్టకారు కూడా అందులోనే వేయాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆ పట్టకారుతోనే తీయాలి. తీసి నీళ్లు విదిలించి మూతలు బిగించేయడమే. తువ్వాలుతో తుడవకూడదు. మా పెద్దత్తకి చీర కొంగుతో తుడిచే అలవాటు. ఆవిడ ప్రేమని నేను కాదనను కానీ, మరిగించిన శ్రమంతా ఆ కొంగులో పోతుంది. పాలపీకలు రోజూ మరిగితే త్వరగా సాగిపోతాయి, చిట్లుతాయి. అటువంటివి వెంటనే పారేయండి, ఆ చీలికల్లో పాలు ఇరుక్కుంటాయి.

నీళ్ల విషయంలో మా జిల్లావాళ్లకి ఒక మాట విడిగా చెప్పాలి. మా మామయ్య తరం వాళ్ల పళ్లు, మోకాళ్లు చూస్తే బోరు నీళ్లంటే ఏమిటో ఎవరూ వివరించక్కర్లేదు. ఆ నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ ఉంటుంది. డబ్బా పాలు తాగే బిడ్డకి మాత్రం కలిపిన నీళ్లలో ఎంత ఉంటే అంతా ఒంట్లోకి పోతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు. అందుకే ఊరి బోరు నీళ్లు పాప పాలకి వద్దే వద్దు. సీసాలు మరిగించడానికి కూడా నేను వాడను, గిన్నె నిండా తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. మేం మిషన్ భగీరథ కుళాయి నీళ్లు, అంటే కృష్ణా నీళ్లు వాడుతున్నాం. వాటిని కూడా గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబులో పరీక్ష చేయించాకే మొదలుపెట్టాను. కుళాయి రాని రోజు వాటర్ ప్లాంటులో కొనే క్యాన్ నీళ్లు.

ప్లాంటు నీళ్లు శుభ్రమైనవే కదా, మరిగించడమెందుకు అంటారు చాలామంది. 20 లీటర్ల క్యాన్ ఖాళీ అయ్యాక లోపల చెయ్యి పెట్టి అడుగు తడిమి చూడండి, జిగురుగా తగులుతుంది. యంత్రంలోంచి వచ్చేటప్పుడు నీళ్లు బాగానే ఉండొచ్చు. ఆ క్యాన్ ఎన్ని ఇళ్లు తిరిగిందో, ఎలా కడిగారో ఎవరికి తెలుసు? ఏ నీళ్లయినా బిడ్డకి తెర్లించాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. శిశుగృహ నుంచి ఇచ్చిన కాగితంలో డాక్టరు "70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని నీళ్లలో కలపాలి" అని రాశారు. మేం కొన్న డబ్బా మీద మరిగించి, గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లలో కలపమని ఉంది. రెండింటికీ పొంతన లేదు. చంటిబిడ్డ విషయంలో ఇటువంటి సందేహం పెట్టుకుని రాత్రి నిద్ర ఎలా పడుతుంది? మెడికల్ షాపతన్ని అడిగితే, "ప్లాంటు నీళ్లయితే డైరెక్టుగా కలిపెయ్యండి మేడమ్, ఏం కాదు" అన్నాడు. రోజూ పాల డబ్బాలు అమ్మే మనిషి అంత తేలిగ్గా అనేశాడు. అతని దగ్గర మళ్లీ కొనలేదు.

పేరున్న ఒక పిల్లల ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ పాల గురించి చెప్పడానికే ఒకావిడని పెట్టారు. హాల్లోనే టేబులు, ఎదురుగా కుర్చీల నిండా జనం. నా వంతు వచ్చాక డబ్బా, కాగితం రెండూ ఆవిడ ముందు పెట్టి, ఏ వేడిలో కలపాలో చెప్పండి మేడమ్ అన్నాను. ఆవిడ కాగితం వైపు చూడనైనా లేదు.

"ఏందమ్మా, సదువుకున్నట్టే ఉన్నవ్. పాలియ్యకుండ డబ్బా పాలకు డిగ్రీల లెక్కలడుగుతున్నవా? పాలిస్తే అందం పోతదనా?"

పక్క కుర్చీలో ఎవరో నవ్వారు. నేను ముందుకు వంగి, ఆవిడకి మాత్రమే వినపడేలా "దత్తత మేడమ్" అన్నాను. ఆవిడ గొంతు ఇంకా పెంచింది. "ఓ, దత్తతా! ముందే చెప్పొద్దా? నీకు పిల్లలు కాలేదా?" హాలంతా మా వైపు తిరిగింది. మా ఆయన ముఖం ఎర్రబడింది, ఏదో అనబోయాడు, నేను చెయ్యి పట్టుకుని ఆపాను. పాప నా ఒళ్లోనే ఉంది. దాని ముందు దాని గురించి గొడవ పడటం నాకు ఇష్టం లేదు. మళ్లీ అదే ప్రశ్న అడిగాను, డెబ్బయ్యా, గోరువెచ్చనా అని. "డబ్బా మీద రాసి ఉంటది, సదువుకో. నెక్స్ట్!" అంది. ఆవిడని కలవడానికి కట్టిన ఫీజు రసీదు ఇంకా నా బ్యాగులోనే ఉంది.

ఆ రోజు ఆటోలో కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. కోపం కూడా తగ్గలేదు, ఇప్పటికీ ఉంది. తల్లిపాలు అమృతమని నాకు తెలీక కాదు. 1992లో మన దేశంలో శిశు ఆహారాల చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టిగా సవరించారు. దాని ప్రకారం పాలపొడికి, సీసాలకి ప్రకటనలివ్వకూడదు, ఉచిత శాంపిళ్లు పంచకూడదు, డబ్బా మీద పాప బొమ్మ వేయకూడదు. బిడ్డకి తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బా మీద రాసి తీరాలి. మంచి చట్టం, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఆ చట్టం కట్టడి చేసింది అమ్ముకునేవాళ్లని. వేరే దారి లేని తల్లి నోరు మూయించమని అందులో ఎక్కడా లేదు. తల్లి చనిపోయిన బిడ్డలుంటారు, తల్లి క్యాన్సర్ మందులు వాడుతున్న బిడ్డలుంటారు, మా పాపలాంటి వాళ్లుంటారు. వాళ్ల పాలు కలిపే మనిషికి సరైన పద్ధతి చెప్పకపోతే నష్టపోయేది ఆ బిడ్డే. ఈ మాట ఆవిడ ముఖాన అనాలని నాకు ఇప్పటికీ ఉంది.

జవాబు చివరికి మా మండలం ప్రభుత్వాసుపత్రిలో దొరికింది, పైసా ఖర్చు లేకుండా. పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న డాక్టరు. పాపని చూసి, కాగితం చదివి, డబ్బా తిప్పి చూసి, కూర్చోమన్నారు. "నీళ్లల్ల ఉన్న క్రిములు మరిగిస్తే చస్తయమ్మా. మరి పొడిల ఉన్నయి ఎట్ల చస్తయి?" అని అడిగారు. పొడిలో క్రిములుంటాయన్న సంగతి అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు.

ఆయన చెప్పింది ఇది. పాలపొడి ఫ్యాక్టరీలో ఎంత శుభ్రంగా తయారైనా పూర్తిగా క్రిమిరహితం కాదు. సీలు తీయని డబ్బాలో కూడా అరుదుగా క్రోనోబ్యాక్టర్, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు. పొడిగా ఉన్నంతకాలం అవి పెరగకుండా, చావకుండా అలాగే ఉండిపోతాయి. గోరువెచ్చని నీళ్లు తగిలితే లేచి పెరుగుతాయి. క్రోనోబ్యాక్టర్ సోకడం అరుదే. సోకితే మాత్రం చంటిబిడ్డకి రక్తంలో ఇన్ఫెక్షన్, మెదడు పొరల వాపు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. రెండు నెలలలోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి, బరువు తక్కువ ఉన్నవాళ్లకి ఆ ముప్పు ఎక్కువ. అందుకే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో 70 డిగ్రీలకు తగ్గని నీళ్లలోనే పొడి కలపాలని చెప్పారు. మరి డబ్బా మీద అలా ఎందుకుంది అంటే, కొన్ని పొడుల్లో మేలు చేసే బ్యాక్టీరియా కలుపుతారట, అంత వేడికి అవి చచ్చిపోతాయి. "మీ పాపకి ఆ మంచి బ్యాక్టీరియా కంటే చెడ్డది చావుడే ముఖ్యం. డెబ్బై డిగ్రీల నీళ్లే పొయ్యి" అన్నారు. మీ డబ్బా మీద వేరేగా ఉంటే మీ డాక్టరుని ఇదే ప్రశ్న అడగండి, జవాబు వచ్చేదాకా లేవకండి.

ఇంటికొచ్చి వంటకి వాడే థర్మామీటరు తెప్పించి చూశాను. లీటరు నీళ్లు మరిగించి మూతపెట్టి ఉంచితే అరగంటకి కూడా డెబ్బై పైనే ఉన్నాయి. గ్లాసుడు నీళ్లు చిన్న గిన్నెలో మూత లేకుండా పెడితే పావుగంట కూడా ఆగలేదు, డెబ్బై కిందికి దిగిపోయాయి. కాబట్టి థర్మామీటరు లేనివాళ్లు ఒక పాలసీసాకే కావలసినన్ని కాకుండా లీటరు నీళ్లు మరిగించి, మూతపెట్టి, అరగంటలోపే వాడండి. ముందు సీసాలో నీళ్లు, తర్వాత పొడి. డబ్బాలో ఇచ్చిన చెంచాతోనే, అంచు దాకా సమంగా గీసి వేయాలి, అదిమి నింపకూడదు. మూత బిగించి, చెయ్యి కాలకుండా గుడ్డతో పట్టుకుని తిప్పి, కుళాయి ధార కింద చల్లార్చాలి. నీళ్లు మూత దాకా పోనివ్వకండి. మణికట్టు లోపలి వైపు రెండు చుక్కలు వేసుకుని గోరువెచ్చగా తగిలితేనే పాప నోటికి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాలి, తాగి వదిలేసినవి మళ్లీ వేడి చేసి పట్టకూడదు. పాలు పారబోయడం పాపమని మా అత్తమ్మ మొదట్లో బాధపడేది. డాక్టరు చెప్పిందంతా కూర్చోబెట్టి చెప్పాక ఆవిడే గడియారం చూసి గుర్తుచేస్తుంది. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, సీసా చల్లగా ఉండి లోపల పాలు ఒకచోట సలసల కాగుతాయి.

రాత్రికి, ప్రయాణాలకి మంచి ఫ్లాస్కు కొనండి. మరిగిన నీళ్లు వెంటనే పోసి బిగిస్తే చాలాసేపు డెబ్బై పైనే ఉంటాయి. మా ఫ్లాస్కు ఎంతసేపు నిలుపుతుందో ముందే కొలిచి చూసుకున్నాను, మీరూ చూసుకోండి. పొడిని వేరే చిన్న డబ్బాలో, అదీ మరిగించి ఆరబెట్టినదాంట్లో, కొలిచి తీసుకెళ్తాను. చెర్వుగట్టు గుడికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా ఇదే పద్ధతి. కలిపిన పాలు ఇంటి దగ్గర్నుంచి మోసుకెళ్లను.

సీసా తప్పనిసరి అనుకోకండి. ఆ పెద్దాయనే ఉగ్గుగిన్నె గురించి గుర్తుచేశారు. సందులు లేవు, పాలపీక లేదు, ఒక్కసారి తోమి మరిగిస్తే అయిపోతుంది. మా అమ్మ అటక మీద నుంచి పాత స్టీలు ఉగ్గుగిన్నె తీసిచ్చింది. కొద్దికొద్దిగా, పాప మింగిందో లేదో చూసుకుంటూ పోయాలి, పోసేటప్పుడు పాప తల పైకి ఉండాలి. టైం పడుతుంది. పగలు మేం ఎక్కువగా దాంతోనే పట్టాం, పాప హాయిగా తాగింది.

పొడి ఖరీదు చూసి "ఒక చెంచా తగ్గించి వెయ్యి, నీళ్లు ఎక్కువ పొయ్యి, అరుగుతది" అని ఇరుగుపొరుగు చెప్తారు. వినకండి. పలచన పాలతో బిడ్డ కడుపు నిండినట్టే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. నీళ్లు మరీ ఎక్కువైతే ఒంట్లో ఉప్పు తగ్గిపోయి ఫిట్స్ కూడా రావచ్చు. చిక్కగా కలిపినా ప్రమాదమే, బిడ్డ కిడ్నీల మీద భారం. ఆరు నెలల లోపు విడిగా మంచినీళ్లు, గ్రైప్‌వాటర్ కూడా అక్కర్లేదు. ఏడాది నిండేదాకా తేనె నాలిక మీద రాయనే వద్దు.

డబ్బా మూత తీసిన రోజే దాని మీద పెన్నుతో తేదీ రాయండి. ఎన్నాళ్లలో వాడేయాలో డబ్బా మీదే ఉంటుంది, మాదాని మీద నెల. తడి చెంచా లోపల పెట్టకండి, ఫ్రిజ్‌లో పెట్టకండి, పొయ్యి పక్కన అసలే వద్దు. గడువు దాటితే సగం డబ్బా మిగిలినా సరే, పారేసి కొత్తది తెచ్చుకోండి.