డ్రైవర్ లేని బండి, మొహం పట్టే మిషను

దుబాయిలో భవిష్యత్తు ముందే తేదీ చెప్పి వస్తుంది. మన దగ్గర శంకుస్థాపన రాయి వేసి మర్చిపోతారు గానీ, ఇక్కడ ప్రారంభోత్సవానికి అంకెలు కూడా చూసుకుంటారు. మెట్రో రైలును 2009 సెప్టెంబర్ 9న రాత్రి 9 గంటల 9 నిమిషాల 9 సెకన్లకు మొదలుపెట్టారు. మ్యూజియం ఆఫ్ ది ఫ్యూచర్‌ను 2022 ఫిబ్రవరి 22న తెరిచారు. ఆ తొమ్మిదులూ రెళ్లూ విని మా రూములో ఉండే కాకినాడ పెద్దాయన "వీళ్లకీ ముహూర్తాల పిచ్చి ఉందిరా అబ్బాయ్" అని తేల్చేశాడు.

నేనిక్కడ ఒక ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీలో సూపర్‌వైజర్‌ని. బిల్డింగు కట్టినవాళ్లు వెళ్లిపోయాక ఏసీలు, పంపులు, క్లీనింగ్ చూసుకునేది మేమే. మా టీములో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు ఎక్కువ. మా కోనసీమ వాళ్లు కొందరు, మిగతా నేపాలీలు, బంగ్లాదేశీలు. అందుకేనేమో, కొత్త మిషను ఏది వచ్చిందన్నా నాకు ముందు దాని మీద పడే ఇసక గుర్తొస్తుంది. షేక్ జాయెద్ రోడ్డు పక్కన ఆ మ్యూజియం వెండి ఉంగరంలా మెరుస్తుంటే టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు. మా వాళ్లు మాత్రం తలెత్తి, ఆ అరబ్బీ అక్షరాల కిటికీలను తాడు ఎక్కడ కట్టి తుడుస్తారా అని చర్చించుకుంటారు. లోపలికి వెళ్లి చూసినవాళ్లు మాలో తక్కువ. టికెట్టు ఖరీదు ఎక్కువ మరి.

మెట్రోకి డ్రైవర్ ఉండడని తెలిసినప్పుడు మనవాళ్లు అడిగింది ఒకటే: "మధ్యలో ఆగిపోతే ఎవడితో చెప్పుకోవాలి?" రషీదియాలో కంట్రోల్ రూం ఉంది, అక్కణ్ణుంచే అన్నీ చూస్తారు అంటే సరే అన్నారు. ఆ తర్వాత దాన్ని గురించి భయపడినవాణ్ణి నేను చూళ్లేదు. అందరి యావా ముందు అద్దం దగ్గర నిలబడి పట్టాలు చూడాలని. ఆ చోటు గోల్డ్ క్లాసుది, టికెట్టు రెట్టింపు. అయితే రైలు మొత్తం వెనక్కి తిరగదు కదా, తిరుగు ప్రయాణంలో గోల్డ్ క్లాసు తోకలోకి పోతుంది, ముందు అద్దం మామూలు టికెట్టు వాళ్లకి దొరుకుతుంది. ఈ సంగతి కనిపెట్టిన మా నేపాలీ కుర్రాడు కొత్తగా ఊరినుంచి వచ్చిన ప్రతివాడికీ ఇదే మొదటి పాఠం చెప్తాడు. రెండోది, బోగీలో మంచినీళ్లు తాగితే 100 దిర్హాముల ఫైను.

తేదీ చెప్పి రానివి కూడా చాలా ఉన్నాయి. 2017 జూలైకల్లా మనుషులు ఎక్కే డ్రోన్ టాక్సీలు ఎగురుతాయన్నారు. ఆ సెప్టెంబర్‌లో ఖాళీగా ఒకటి ఎగరేసి చూపించారు, ఆ ఏడాదికి అంతే. గొట్టంలో దూసుకుపోయే హైపర్‌లూప్ బండి వస్తే అబుదాబికి 12 నిమిషాలే అన్నారు. ఆ కంపెనీ 2023 చివర్లో మూతపడింది, ఇబ్న్ బతూతా బస్టాండు నుంచి పాతిక దిర్హాముల బస్సు మాత్రం పోతూనే ఉంది. ఇవేవీ చెప్పిన టైముకి రానందుకు మేముండే లేబర్ క్యాంపులో ఎవరూ బాధపడలేదు, వెక్కిరించనూ లేదు. వచ్చినా మనం ఎక్కేది కాదు అని ముందే ఒక లెక్క ఉంటుంది. 2024 ఏప్రిల్ 16న ఇక్కడ రికార్డులు మొదలయ్యాక ఎన్నడూ లేనంత వాన పడి రోడ్లు చెరువులైతే, కొన్ని మెట్రో స్టేషన్లు వారాల తరబడి తెరుచుకోలేదు. ఆ వారం మొత్తం ఊరికి కావలసి వచ్చింది డీజిల్ పంపులు, ట్యాంకర్లు, మోకాలి లోతు నీళ్లలో పైపు పట్టుకునే మనుషులు. బేస్‌మెంట్లలోంచి నీళ్లు తోడి తోడి మా వాళ్ల కాళ్లు పాసిపోయాయి.

మా దాకా నిజంగా వచ్చి మీద పడింది మాత్రం ఫేస్ అటెండెన్సు.

అంతకుముందు వేలిముద్ర మిషను ఉండేది. టైల్స్ పనీ సిమెంటు పనీ చేసినవాళ్ల బొటనవేళ్లు అరిగిపోయి ఉంటాయి, గీతలు పడవు. ఊళ్లో రేషన్ షాపులో ముసలివాళ్లు వేలు పెట్టి పెట్టి విసుక్కోవడం మనకు తెలిసిందే, ఇక్కడ పాతికేళ్ల కుర్రాళ్లకి అదే తంటా. దాంతో కంపెనీ మొహం గుర్తుపట్టే యాప్ తెచ్చింది. సైటు హద్దులో నిలబడి, మొహం చూపించి, పచ్చ టిక్కు పడితేనే డ్యూటీ మొదలైనట్టు. ఆఫీసులో ఏసీ గదిలో డెమో చూపించినప్పుడు ఇట్టే పట్టేసింది.

ఆగస్టులో తెల్లవారుజాము ఐదున్నరకి గేటు దగ్గర చూడాలి దాని సంగతి. బస్సు లోపల ఏసీ, బయట ఉప్పగాలి, ఉక్క. దిగిన నిమిషానికి ఫోన్ కెమెరా మీద ఆవిరి కమ్ముకుంటుంది. తుడిస్తే మళ్లీ కమ్ముతుంది. ఎండకీ ఇసకకీ మొహానికి చుట్టుకున్న గుడ్డ విప్పాలి, హెల్మెట్ తియ్యాలి, కళ్లజోడు తియ్యాలి, లైటు వైపు తిరగాలి. అప్పుడు కూడా లోపలినుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో మళ్లీ ప్రయత్నించమంటుంది. సిరిసిల్ల కుర్రాడొకడు దానికి "అత్తగారు" అని పేరు పెట్టాడు. ఇప్పుడు బంగ్లాదేశీలు కూడా అదే పేరుతో పిలుస్తారు. "అత్తగారు ఇయ్యాల ఒప్పుకుంటలేదన్నా" అని లైన్లోంచి కేక వినపడితే, పక్కవాడు తన తువ్వాలు విసురుతాడు. గేటు దగ్గర ఒక బకెట్టు నీళ్లు, ఒక టిష్యూ రోలు శాశ్వతంగా పెట్టించాను. ఆ లైన్లో పోయే టైముకి జీతం లేదు. టెన్షన్ ఎక్కువ పడేది కొత్తవాళ్లు. టిక్కు పడకపోతే ఆ రోజు పోతుందేమోనని ఊపిరి బిగబట్టి నిలబడతారు. అలా బిగుసుకున్న మొహాన్ని అది అసలు పట్టదు.

ఇదంతా నేను పైవాళ్లకు మెయిల్‌లో రాశాను. "యూజర్ ట్రైనింగ్ అవసరం" అని జవాబొచ్చింది. సొంత మొహం చూపించడానికి ట్రైనింగేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయినా మా వాళ్లు ఆ యాప్ తీసేయమని అడగలేదు. పాత పద్ధతిలో ఫోర్‌మన్ నోటుపుస్తకం ఉండేది, అందులో ఓవర్‌టైము గంటలు నెలాఖరుకి ఎలాగో చిక్కిపోయేవి. ఇప్పుడు టిక్కు పడగానే ఇంకో ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి దాచుకుంటున్నారు. జీతం లెక్క తేడా వస్తే ఆ ఫొటోలు నా ముందు వరసగా పెడతారు. 2009లో జీతాలన్నీ బ్యాంకు దారిలోనే పడాలని ఇక్కడి ప్రభుత్వం రూలు పెట్టినప్పుడు కూడా ఇంతే, కార్డు వాడటం కొన్నాళ్లు తంటా పడి నేర్చుకున్నారు గానీ తిరిగి చేతికి నోట్లు కావాలని ఎవరూ అనలేదు. ఏ కొత్తదొచ్చినా దానివల్ల నా గంట నిలుస్తుందా, పోతుందా అని చూస్తారు. ఈ పరీక్ష పెడితే ఎగిరే టాక్సీకి మార్కులే పడవు, ముష్టి జీతం కార్డుకి మాత్రం ఫస్టు క్లాసు.

ఫోన్ సంగతి ఇంకో చిత్రం. మొహం చూసి తలుపులు తెరిచే ఎయిర్‌పోర్టు ఉన్న ఊళ్లో వాట్సాప్ కాల్ పోదు. మెసేజ్ పోతుంది, ఫొటో పోతుంది, భార్య గొంతు వినాలంటే వేరే యాప్. 2018లో టెలికాం కంపెనీలు నెట్ కాల్స్‌కి నెలకి 50 దిర్హాముల ప్యాకేజీ పెడితే, ఒకడు కట్టి రూములో ఎనిమిది మందికీ వంతులవారీగా మాట్లాడించేవాడు. అప్పట్లో శుక్రవారం సెలవొస్తే ఆ ఫోన్ చుట్టూ పంచాయితీ. పండగకి ఇంట్లో వండిన అరిసెలు వీడియోలో చూడాలన్నా వంతే.

ఇప్పుడు అందరి నోటా డ్రైవర్ లేని టాక్సీ. 2030 నాటికి ఊళ్లో నూటికి పాతిక ప్రయాణాలు డ్రైవర్ లేకుండా జరగాలని 2016లోనే పాలకులు లక్ష్యం పెట్టారు. మొదట ఒక అమెరికా కంపెనీతో ఒప్పందం అయింది, అది 2024లో తన దేశంలోనే ఆ వ్యాపారం మానుకుంది. తర్వాత చైనా కంపెనీలు వచ్చాయి, 2025లో బైదూతో ఒప్పందం కుదిరింది. మా క్యాంపు బస్సు నడిపే జగిత్యాల తమ్ముడు ఆ వార్త వీడియో నాకు చూపించాడు. ఇక్కడ డ్రైవింగ్ లైసెన్సు అంటే మాటలు కాదు. క్లాసులు, టెస్టులు, ఫెయిలైతే మళ్లీ ఫీజులు, అన్నీ కలిపి వేల దిర్హాములు. అతను లైసెన్సు తెచ్చుకున్నాకే హెల్పర్ జీతం నుంచి డ్రైవర్ జీతానికొచ్చాడు, చెల్లెలి పెళ్లి ఆ డబ్బుతోనే చేశాడు.

"భయమేస్తోందా?" అని అడిగాను.

"భయమెందుకన్నా. బస్సుకి వచ్చేటాల్లకు నేను ఇంటికి పోతా. గదిగో, గా సీట్ల ఒకడు కూసున్నడు జూడు. స్టీరింగ్ ముడ్తలేడు, ఊకెనే కూసున్నడు. వానికి జీతమెంతనో కనుక్కుంటవా?"

వీడియో మళ్లీ చూశాను. నిజమే, టెస్టింగులో ఉన్న బండి కదా, డ్రైవర్ సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక మనిషి ఉన్నాడు. అవసరమొస్తే స్టీరింగ్ అందుకోవడానికట. ఆ ఉద్యోగానికి ఏమేం అడుగుతారో కనుక్కుని చెప్పమని అప్పట్నుంచీ నన్ను వదలడం లేదు. తన లైసెన్సు కాపీ కూడా వాట్సాప్‌లో పంపేశాడు.