అమ్మ రిపోర్టు ఎవరి ఫోన్‌కు పోయింది?

మాకు విడాకులై ఏడాది దాటింది. మొన్న హన్మకొండలో అమ్మకు థైరాయిడ్ పరీక్ష చేయించాను. సాయంత్రం ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, "అత్తమ్మకు ఎట్లుంది?" అని. గుండె ఝల్లుమంది. ల్యాబ్‌లో పాత నంబరే ఉండటంతో రిపోర్టు నేరుగా ఆయన వాట్సాప్‌కు పోయింది. మంచి మనసుతోనే అడిగి ఉండొచ్చు. కానీ అమ్మ ఒంట్లో సంగతి ఎవరికి చెప్పాలన్నది అమ్మ ఇష్టం కదా.

తెల్లారి కౌంటర్ దగ్గర నిలబడి, స్క్రీన్ మీద ఆ నంబరు తీసేసేదాకా కదల్లేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పిందని అక్కడి అబ్బాయికి నెమ్మదిగా చెప్పాను. తర్వాత అమ్మ ఆభా (ఆరోగ్య రికార్డులను ఒకచోట కలిపే ప్రభుత్వ డిజిటల్ ఖాతా) పని పట్టాను. ఆ 14 అంకెల ఖాతా ఓటీపీ ఎవరి మొబైల్‌కు పోతే, రికార్డుల తాళంచెవి వాళ్ల చేతిలో ఉన్నట్టే. పాలసీలో నామినీని, ఆసుపత్రిలో అత్యవసర నంబరును కూడా మార్చేశాను.

అమ్మ ఫైలు అట్ట మీద ఇప్పుడు ఎర్ర పెన్నుతో నా నంబరే ఉంది.