ఆ ఆకుపచ్చ వెలుగు ఎక్కడిది?

హెపటైటిస్-బి వైరస్ తయారుచేసే హెచ్‌బీఎక్స్ అనే ప్రోటీన్ కాలేయ కణాల్లోని మైటోకాండ్రియాను ఏం చేస్తుందో చూడడం నా పీహెచ్‌డీలో మొదటి పని. అది 154 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. మైటోకాండ్రియా బయటి పొరలోని వీడాక్-3 అనే ద్వారానికి అతుక్కుని, లోపలి పొరకు అటూ ఇటూ నిలిచి ఉండవలసిన విద్యుత్ తేడాను, అంటే పొటెన్షియల్‌ను తగ్గిస్తుందని పూర్వ పరిశోధకులు చూపించారు. పొటెన్షియల్ పడిపోతే కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీ కుంటుపడుతుంది; క్షణం తీరిక లేని కాలేయానికి అది చిన్న దెబ్బ కాదు.

తార్నాకలోని అద్దెగది నుంచి పొద్దున్నే ల్యాబుకు చేరి హెప్-జీ2 అనే, ల్యాబులో పెంచే కాలేయ క్యాన్సర్ కణాలకు మీడియా (అవి పెరిగే పోషక ద్రవం) మార్చేదాన్ని. హెచ్‌బీఎక్స్ జన్యువున్న ప్లాస్మిడ్‌ను (గుండ్రటి చిన్న డీఎన్‌ఏను) కణాల్లోకి ఎక్కించి, 48 గంటల తర్వాత జేసీ-1 అనే రంగు వేశాను. పొటెన్షియల్ బాగున్న మైటోకాండ్రియాలో ఈ రంగు గుమిగూడి ఎర్రగా, పడిపోయినచోట విడివిడిగా ఉండి ఆకుపచ్చగా వెలుగుతుంది. నా కణాలు మూడుసార్లూ పచ్చగా మెరిశాయి. ఎంతో సంతోషంగా ల్యాబ్ మీటింగులో చూపించాను.

"నీ ప్లాస్మిడ్‌కు జీఎఫ్‌పీ తోక ఉంది కదా, ఈ ఆకుపచ్చ దానిదా, జేసీ-1దా?" అని మా సీనియర్ అక్క అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జీఎఫ్‌పీ అంటే, ఒక ప్రోటీన్ కణంలో ఎక్కడుందో కనిపించడానికి దానికి తోకలా తగిలించే, వెలుగునిచ్చే మరో ప్రోటీన్. దాని వెలుగూ ఆకుపచ్చే. మైక్రోస్కోపు ఆ రెంటినీ వేరుచేయలేదు. మూడు నెలల చిత్రాలు పనికిరాకుండా పోయాయి.

తర్వాత టీఎంఆర్‌ఎం అనే ఎర్ర రంగుకు మారాను. పొటెన్షియల్ తగ్గితే ఇది మైటోకాండ్రియాలో నిలవదు, వెలుగు మసకబారుతుంది. ఒక పళ్ళెంలో ఉత్త జీఎఫ్‌పీ, ఒకదానిలో హెచ్‌బీఎక్స్-జీఎఫ్‌పీ, మరొకదానిలో పొటెన్షియల్‌ను పూర్తిగా పడగొట్టే సీసీసీపీ అనే రసాయనం పెట్టాను. ప్లాస్మిడ్ అన్ని కణాలకూ ఎక్కదు కాబట్టి, ఎక్కని పొరుగు కణమే పోల్చి చూసుకోవడానికి దొరుకుతుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చినది అదే. కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు తెరమీద మామూలు కణంలో మైటోకాండ్రియా ఎర్రదారాల్లా అల్లుకుని ఉంటే, పక్కనున్న హెచ్‌బీఎక్స్ కణంలో అవి నూకల్లా ముక్కలై, కేంద్రకం చుట్టూ ముద్దగా చేరి, మసకగా కనిపించాయి. ఉత్త జీఎఫ్‌పీ కణాల్లో అలా లేదు.

అక్కడితో ఆగడానికి నాకు మనసొప్పలేదు. ప్లాస్మిడ్ మోతాదు తగ్గిస్తే ప్రోటీన్ ఎక్కువగా కేంద్రకంలోనే కనిపించింది. సహజమైన ఇన్‌ఫెక్షన్‌లో హెచ్‌బీఎక్స్ ఉండేది అతి తక్కువగానే. అంటే, నేను చూసినది ప్రోటీన్ మోతాదు మించడం వల్ల వచ్చిందే కావచ్చు. అందుకే, వైరస్ లోపలికి రావడానికి వాడుకునే ఎన్‌టీసీపీ గ్రాహకాన్ని హెప్-జీ2 కణాలకు చేర్చి, ఈసారి తోక లేని అసలు వైరస్‌తోనే ప్రయోగాన్ని మొదటినుంచి చేస్తున్నాను.